కావలి నుంచి శీనాకి

ఒరేయ్ శీనా,

"రక్తం జబ్బు పిల్లోడికి గుండె డాక్టరెందుకురా?" అని ఫోన్‌లో అడిగావు. బస్టాండులో నిలబడి చెప్పే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. తాపీగా చదువుకో.

మా అక్క కొడుక్కి తలసేమియా మేజర్ కదా, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవదు, అందుకే మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఒక్కో సంచిలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంట్లోంచి రోజుకు బయటికి పోయేది 1 మిల్లీగ్రాము, అంతే. కలుజు లేని చెరువులాగా వచ్చిందంతా లోపలే నిలవ! కాలేయంలో, గ్రంథుల్లో, చివరికి గుండె కండరంలో చేరుతుంది. గుండె లయ తప్పుతుంది, కండరం నీరసించి ఫెయిలవుతుంది. రక్తం సరిగ్గా ఎక్కించుకునేవాళ్లను కూడా బలి తీసుకునేది ఎక్కువగా ఇదే.

నాకు మంటెక్కింది ఫెరిటిన్ దగ్గర, అదే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష. ఇక్కడ ఒకాయన ఆ కాగితం చూసి "పర్లేదు" అని పంపించేశాడు. ఫెరిటిన్ తగ్గినా గుండెలో ఇనుము ఉండొచ్చట. గుండెకు తీసే ఎకో స్కాన్ కూడా చాలాకాలం బాగానే కనిపిస్తుందట. తేల్చేది గుండెలో ఇనుమెంతుందో చూపించే టీ2 స్టార్ ఎమ్మారై స్కాన్. పినాకిని ఎక్కి మద్రాసు పోయి తీయించాం. 20 మిల్లీసెకన్లు దాటితే భయం లేదు, 10 లోపయితే ప్రమాదం. మావాడికి 14. అక్క నోట మాట రాలేదు. డాక్టరమ్మ మాత్రం "ఇనుము తీసేస్తే గుండె కోలుకుంటుందమ్మా" అని గట్టిగా చెప్పింది.

ఇప్పుడు ఆ ఇనుము తీసేయడానికి రెండు మందులు. డెఫెరాసిరాక్స్ బిళ్ల పరగడుపున నీళ్లలో కలిపి తాగాలి. గ్లాసు అడుగున తెల్లటి మడ్డి మిగిలితే వాడే ఇంకాసిని నీళ్లు పోసి తిప్పి, ముక్కు మూసుకుని గుటుక్కున మింగేస్తాడు. గుండెలో ఇనుముకి డెఫెరిప్రోన్ బాగా పనిచేస్తుంది గానీ తెల్లకణాలు పడిపోవచ్చు. అందుకే వారం వారం రక్తపరీక్ష, జ్వరమొస్తే మందు ఆపి ఆసుపత్రికి పరుగు.

ఇంత జరుగుతుంటే మా పెద్దమ్మ బెల్లం, ఖర్జూరాలు పెట్టమని ఒకటే పోరు. "ఆ ఇనుమే కదా పెద్దమ్మా శత్రువు" అంటే వినదు!

అన్నట్టు, మీ చెల్లికి మేనరికం ఖాయం చేస్తున్నారట. ముహూర్తం పెట్టకముందే ఇద్దరికీ తలసేమియా లోపం ఉందేమో చెప్పే హెచ్‌బీ ఏ2 రక్తపరీక్ష చేయించు. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. అత్తయ్య కోప్పడితే నా పేరు చెప్పు.

నీదీ బీ పాజిటివే కదా? కాలేజీలకు సెలవులిస్తే మే నెలలో రక్తమిచ్చేవాళ్లు దొరకరు. అప్పుడొకసారి కావలి రా.

నీ,
బుజ్జి