ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు ఇక బయటి స్టీరింగు బిగించం

మన షాపుకు వచ్చేవారికీ, ఫోటో పంపి ధర అడిగేవారికీ ఒక మాట. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకు కంపెనీ స్టీరింగు తీసేసి బయట కొన్న స్టీరింగు బిగించే పని ఇక మన దగ్గర ఉండదు. కూలి ఎంత ఇస్తామన్నా, స్టీరింగు మీరే తెచ్చుకున్నా, 'బాధ్యత నాదే' అని కాగితం మీద రాసిచ్చినా జవాబు మారదు. ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండ్లకు మాత్రం ఎప్పటిలాగే చేస్తాం, ఇష్టంగా చేస్తాం.

'ఇన్నేళ్లు ఇదే పని చేసి ఇప్పుడెందుకీ మడి?' అని కొందరు అప్పుడే అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో మేము ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో మన షెడ్డుకు వచ్చేవి మారుతి 800లు, ఓమ్నీలు, జిప్సీలు, అంబాసిడర్లు. వాటి స్టీరింగు మధ్యలో హారన్ తప్ప మరేమీ ఉండేది కాదు. అది తీసి ఇంకొకటి పెడితే పోయేదేమీ లేదు. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లో ఆగిపోయింది. మామూలు జనానికి ఓమ్నీ, జిప్సీ అమ్మకం 2019లో ఆగింది. అదే సంవత్సరం జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అంటే మాకు అన్నం పెట్టిన బండ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి, ఇప్పుడు వచ్చి అడిగే కుర్రాళ్ల బండ్లేమో దాదాపు అన్నీ ఎయిర్‌బ్యాగ్ ఉన్నవే. ఒక్కొక్కరికీ నోటితో చెప్పి పంపడం, వారు అలిగి వెళ్లడం, మళ్లీ వారి స్నేహితుడు రావడం... అందుకే రాతలో పెడుతున్నాను.

స్టీరింగు మధ్య మూత కింద ఏముంటుందో చూసినవారు తక్కువ. మడత పెట్టిన నైలాన్ సంచి, దాని వెనక గ్యాసు పుట్టించే లోహపు డబ్బా, ఆ డబ్బాను రగిలించే చిన్న ఇగ్నైటరు. బండి బలంగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే కంట్రోలు యూనిట్ నుంచి ఇగ్నైటరుకు కరెంటు వస్తుంది. సంచి సుమారు 30 మిల్లీసెకన్లలో నిండిపోతుంది, రెప్ప వాల్చి ఎత్తేలోపే పని ముగుస్తుంది.

మరి స్టీరింగు గిరగిరా తిరిగేది, కింద ఉన్న కాలమ్ కదలనిది. ఆ రెండింటి మధ్య తీగ తెగకుండా ఉండేందుకు క్లాక్ స్ప్రింగు అనే భాగం ఉంటుంది. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో చుట్టగా చుట్టిన పలుచని రిబ్బను తీగ అది. మీరు స్టీరింగు ఒకవైపు తిప్పితే బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది. స్టీరింగు ఊడదీసినప్పుడు ఎవరో తెలియక దాన్ని వేలితో రెండు చుట్లు తిప్పారనుకోండి, దాని మధ్యస్థానం తప్పుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. ఇంకో రోజు పార్కింగులో స్టీరింగు చివరంటా తిప్పగానే లోపల పుటుక్కున తెగుతుంది. హారన్ మోగదు, ఆడియో బటన్లు పనిచేయవు, మీటర్ల మధ్య ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కూర్చుంటుంది. స్కిడ్ కాకుండా కాపాడే వ్యవస్థ ఉన్న బండ్లలో స్టీరింగు ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సరు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. దాని లెక్క తప్పితే స్కానరు పెట్టి మళ్లీ సరిచేయాలి.

'సీటు బెల్టు పెట్టుకుంటాం కదా, సరిపోదా?' అనేది తరచుగా వినే మాట. సరిపోదు. ఎయిర్‌బ్యాగ్‌కు జతగా తయారైన బెల్టుల్లో చాలావాటికి ఒక ఏర్పాటు ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో గట్టిగా లాగి పట్టుకుని, ఆ తర్వాత పక్కటెముకలు విరగకుండా కొద్దిగా వదులుతాయి. అలా వదిలినప్పుడు ముందుకు వచ్చే తల, ఛాతీ ఉబ్బిన సంచి మీద ఆగాలన్నది లెక్క. ఆ సంచి తీసేసి, దాని చోట మూడు అల్యూమినియం పుల్లలు, ఆరు బోల్టులు, గట్టి హారన్ బటను పెడితే ఆ తల ఎక్కడ ఆగుతుందో మీరే ఊహించండి. ఎయిర్‌బ్యాగ్ తీగలో లోపం కనబడితే కొన్ని బండ్లలో బెల్టును లాగే ఏర్పాటు కూడా పనిచేయకపోవచ్చు.

ఇక అందరూ మమ్మల్ని బతిమాలే పని ఒకటుంది: 'దీపం రాకుండా చూడండి.' ఇగ్నైటరు రెసిస్టెన్సు సాధారణంగా రెండు మూడు ఓములు ఉంటుంది. కంట్రోలు యూనిట్ అటువైపు ఆ రెండు మూడు ఓములు ఉన్నాయా లేదా అని చూస్తుందే తప్ప సంచి ఉందో లేదో దానికి కనబడదు. పసుపు రంగు కనెక్టరులో అంతే విలువ ఉన్న చిన్న రెసిస్టరు గుచ్చితే చాలు, అన్నీ బాగున్నాయని నమ్మి దీపం ఆర్పేస్తుంది. ఆ రెసిస్టరు ఖరీదు కొన్ని రూపాయలు. ఈ పని చేయడానికి నాకు మనసొప్పదు. మీకు తెలిసే మీ బండిలో చేయించుకుంటారు, సరే. రెండేళ్ల తర్వాత కంపెనీ స్టీరింగు మూత మళ్లీ తగిలించి బండి అమ్మేస్తారు. కొన్నవాడికి దీపం మామూలుగానే కనిపిస్తుంది. సంచి మాత్రం లోపల ఉండదు. పిల్లలతో తిరుపతి బయలుదేరిన ఆ మనిషికి ఈ సంగతి చెప్పేదెవరు?

సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం ఒకసారి వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా అనుమానించాలి. అయితే రెసిస్టరు పెట్టిన బండి ఈ పరీక్షలో నెగ్గుతుంది కాబట్టి కంటితో కూడా చూడాలి. స్టీరింగు మూత మీద ఎస్‌ఆర్‌ఎస్ (ఎయిర్‌బ్యాగ్ ఉందని చెప్పే గుర్తు) అన్న అక్షరాలు అచ్చులోనే పోసి ఉన్నాయా, మూత అంచుల్లో సందు అన్నివైపులా సమానంగా ఉందా, దాని రంగు, గరుకుదనం పక్కనున్న ప్లాస్టిక్‌తో కలుస్తున్నాయా అని. లోపల ఏమీ లేని ఉత్త మూతలు కూడా బజారులో దొరుకుతాయి. సందేహం తీరకపోతే మూత విప్పించి చూడాల్సిందే. మీరు ఇంట్లో విప్పవద్దు. ముందు బ్యాటరీ తీగ తీసి, కంట్రోలు యూనిట్‌లో నిలవున్న కరెంటు దిగిపోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు చేయి పెట్టే పని అది. కొనబోయే బండి తీసుకొస్తే ఈ తనిఖీకి మేము డబ్బు తీసుకోం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు గీస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. నిజం చెప్పాలంటే స్టీరింగు చూసి బెంజి సర్కిల్ దగ్గర ఎవరినైనా ఆపడం నేను చూడలేదు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు వచ్చి చూసినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఒక చిన్న సంగతి. కంపెనీ స్టీరింగు ఉంచుకున్నవారు కూడా దాని మధ్యలో రాళ్లు పొదిగిన లోగోలు అతికిస్తున్నారు. పక్క సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ మూత మీద వేంకటేశ్వరస్వామి విగ్రహం గమ్‌తో అతికించేవారికి లెక్కే లేదు. సంచి తెరుచుకుంటే ఆ మూత మీద ఉన్నదేదైనా ముఖం మీదికి దూసుకొస్తుంది. స్వామిని కాస్త పక్కకు జరిపించండి, ఆయనేమీ అనుకోరు. మన షాపులో ఆ చోట విగ్రహాలు అతికించడం కూడా మానేశాం.

మరి కొత్త బండివారికి మేము చేసేదేమిటి? స్టీరింగు జారుతోందనీ, రబ్బరు ఊడి వస్తోందనీ వచ్చేవారికి తోలు కుట్టిస్తాం. సీటు కవర్లు కుట్టే మాస్టారు మన దగ్గరే ఉన్నారు. కొలత తీసి, ముక్కలు కోసి, స్టీరింగు బండి మీదే ఉంచి సూదితో కుడతారు. మధ్య మూత జోలికి అసలు వెళ్లరు. చేతితో కుట్టే పని కాబట్టి గంటలు పడుతుంది, తొందరపెడితే పన్నెండు, ఆరు గంటల స్థానాల దగ్గర కుట్టు వంకర పోతుంది. బజారులో దొరికే తొడుగుడు కవరు మాత్రం వద్దంటాను. ఎండకు వదులై, మలుపులో అరచేతి కింద రింగు ఒకవైపు, కవరు ఒకవైపు తిరుగుతుంది.

మీ మోడల్లోనే పై వేరియంట్‌కు వచ్చే బటన్ల స్టీరింగు కావాలంటే అదీ చేస్తాం, షరతు మీద. స్టీరింగు, క్లాక్ స్ప్రింగు రెండూ కంపెనీ విడిభాగాల కౌంటరులో బిల్లుతో కొన్న కొత్తవై ఉండాలి. మీ బండి ఎయిర్‌బ్యాగే అందులో కూర్చోవాలి. స్క్రాపు బండి నుంచి తెచ్చిన ఎయిర్‌బ్యాగ్ తెస్తే వెనక్కి పంపేస్తాం, అది ఎక్కడ తడిసిందో, ఏ వరదలో మునిగిందో చెప్పేవారు లేరు. కంపెనీ స్టీరింగునే కోసి, కింది భాగం చదునుగా మలిచి ఇమ్మని అడిగేవారికీ లేదనే చెబుతున్నాం.

పాత బండివారికి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మాకు ఇష్టమైన పని ఇదే. కంపెనీ స్టీరింగు వ్యాసం సాధారణంగా 370, 380 మిల్లీమీటర్లు ఉంటుంది. మీరు ముచ్చటపడే రేసింగ్ స్టీరింగు 320. పవర్ స్టీరింగు లేని 800 మీద 380 తీసి 320 పెడితే, అదే చక్రాన్ని తిప్పడానికి దాదాపు ఐదో వంతు బలం ఎక్కువ కావాలి. వన్ టౌన్ సందుల్లో బండి వెనక్కి తిప్పేటప్పుడు భుజాలే చెబుతాయి. పైగా చిన్న రింగు పై అంచు స్పీడోమీటరుకు సరిగ్గా అడ్డం వస్తుంది. అందుకే అలాంటి బండికి 350 మిల్లీమీటర్లకు తక్కువది ఇవ్వం.

బోల్టుల సంగతి కొనేముందే చూసుకోండి. ఇటలీ కంపెనీలే అయినా మోమో స్టీరింగు ఆరు బోల్టులు 70 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి, నార్డీవి 74 మీద. ఒకదాని బాస్ కిట్‌కు, అంటే స్టీరింగును కాలమ్ కడ్డీకి కలిపే మధ్య ముక్కకు, రెండోది కుదరదు. రంధ్రాలను ఆకురాయితో సాగదీసి కూర్చోబెట్టమని అడగవద్దు. మోమో పేరుతో నకిలీలు విపరీతంగా వస్తున్నాయి. రింగును రెండు చేతులతో పట్టి మెలితిప్పితే వంగేది మన బల్ల మీదే ఆగిపోతుంది, బండి దాకా వెళ్లదు.

బిగించేటప్పుడు కాలమ్ లోపల తిరిగే కడ్డీ మీద, పాత స్టీరింగు మీద గీత గీసుకుని తీస్తాం, లేకపోతే బండి నేరుగా వెళుతున్నా స్టీరింగు పక్కకు చూస్తుంది. బాస్ కిట్ వెనక ఉండే చిన్న కొక్కెం సరైన చోట కూర్చోకపోతే మలుపు తిరిగాక ఇండికేటరు దానంతటది ఆగదు. నట్టు కొత్తది వేసి, బిగువు కొలిచే టార్క్ రెంచితో బిగిస్తాం. వారం తిరిగాక ఒకసారి రండి, నట్టు, ఆరు బోల్టులు మళ్లీ చూస్తాం. ఇది చాలామంది ఎగ్గొడతారు. దయచేసి ఎగ్గొట్టవద్దు.

డబ్బు సంగతి దాచను. ఒక స్టీరింగు, బాస్ కిట్ అమ్మి బిగిస్తే మిగిలేదాంట్లో సగం కూడా తోలు కుట్టులో మిగలదు. కొన్నాళ్లు గల్లా పెట్టె తేలికగానే ఉంటుంది. పక్క వీధిలో చేయించుకుంటామని వెళ్లేవారిని ఆపలేను. ఆ స్టీరింగు వల్ల దీపం వెలిగిందనీ, హారన్ పోయిందనీ తిరిగి మన దగ్గరికి వస్తే మాత్రం, కంపెనీ స్టీరింగు, ఎయిర్‌బ్యాగ్ మళ్లీ పెట్టించుకోవడానికి సిద్ధమైతేనే బండి ముట్టుకుంటాం. అందుకే తీసిన పాత భాగాలు ఎవరికీ ఇచ్చేయకండి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి మొత్తం సొమ్ము తిరిగి ఇస్తాం, రసీదు తెస్తే చాలు. అదే సొమ్ముతో తోలు కుట్టించుకుంటామంటే దసరాకు ముందే వరుసలో పేరు రాయించుకోండి, ఆ తర్వాత మాస్టారికి సీటు కవర్ల పని ముంచుకొస్తుంది. మా దగ్గర మిగిలిన 350 మిల్లీమీటర్ల స్టీరింగులు, మారుతి బాస్ కిట్లు కొన్న ధరకే ఇచ్చేస్తున్నాం. బండి తీసుకురండి, ఎయిర్‌బ్యాగ్ లేదని చూసుకున్నాకే బిల్లు రాస్తాం.