సీటు పక్కన అధ్యాపకుల పేర్లు కూడా చూపించండి

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇంజినీరింగ్ సీట్ల కోసం ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు వచ్చే పిల్లల గురించి ప్రభుత్వం అడగని వివరం లేదు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్ అన్నీ పట్టుకుని హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లాలి. ఒక్క కాగితం తగ్గితే తల్లిదండ్రులు మళ్లీ తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఆ పరిశీలన అవసరమే, కాదనను. మరి కాలేజీ తన గురించి ఆ విద్యార్థికి ఏం చెబుతోంది? నాలుగక్షరాల కోడ్, బ్రాంచి పేరు, ఫీజు, నిరుటి చివరి ర్యాంకు. అంతే. నాలుగేళ్లు పాఠం చెప్పబోయేది ఎవరో, కావలసిన కాలేజీలను ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్ల పేజీలో ఎక్కడా ఉండదు. అది చేర్చమని కోరడానికే ఈ లేఖ.

నేను ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో మెకానికల్ సబ్జెక్టులు బోధించి రిటైరైనవాణ్ణి. యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వస్తోందంటే ఏం జరిగేదో దగ్గరుండి చూశాను. ముందు రోజు సాయంత్రానికే స్టాఫ్ రూములో కొత్త కుర్చీలు చేరేవి. తలుపుల మీద అప్పుడే ప్రింటు తీసిన పేర్లు అతికించేవారు. తెల్లారేసరికి ఆ పేర్లు గల మనుషులు లోపల కూర్చుని ఉండేవారు. అలా వచ్చిన పీహెచ్‌డీ అధ్యాపకుణ్ణి ఒకసారి పక్కనే ఉన్న నేను, ఏ సబ్జెక్టు చెబుతున్నారని అడిగాను. ఆయన జేబులోంచి టైంటేబుల్ తీసి చూసి చెప్పారు. బృందం వెళ్లాక ఆయన మళ్లీ కనిపించలేదు. పేరు మాత్రం ఆ ఏడాది జాబితాలో ఉండిపోయింది. ఆ జాబితాను నమ్మే అనుమతి వచ్చింది, ఆ అనుమతిని నమ్మే పిల్లలు చేరారు.

బయోమెట్రిక్ హాజరు వచ్చాక ఇలాంటివి కొంత తగ్గాయంటున్నారు. సంతోషం. అయితే వేలిముద్ర మనిషి వచ్చాడని చెబుతుంది గానీ ఏం చెప్పగలడో చెప్పదు. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్సు సీట్లు పెంచుకున్న కాలేజీల్లో పాత బ్రాంచిల వారిని ఏం చేశారో ఒక్కసారి కనుక్కోండి. థర్మోడైనమిక్స్‌లో మంచి పేరున్న నా మిత్రుడు వేసవి సెలవుల్లో పైథాన్ నేర్చుకుని, సెలవులవగానే అదే సబ్జెక్టు చెప్పడానికి క్లాసుకు వెళ్లారు. పిల్లలు అడిగిన సందేహాలు రాసుకొచ్చి రాత్రి కూర్చుని జవాబులు వెతుక్కునేవారు. ఆయన నిజాయితీలో లోపం లేదు. ఆయన్ను ఆ స్థితిలో నిలబెట్టిన ఏర్పాటులోనే ఉంది లోపం.

ఒక చిన్న లెక్క చూడండి. దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ప్రమాణం ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏటా 240 సీట్లున్న బ్రాంచిలో నాలుగేళ్లకు 960 మంది. అంటే 48 మంది అధ్యాపకులు. ప్రొఫెసర్, అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు 1:2:6 నిష్పత్తిలో ఉండాలి కాబట్టి అందులో అయిదుగురైనా ప్రొఫెసర్లు కావాలి. ఇది ఒక్క కాలేజీలో ఒక్క బ్రాంచి సంగతి. పైగా 2024-25 నుంచి, బాగా నడుస్తున్న సంస్థలకంటూ, బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని కూడా ఏఐసీటీఈ ఎత్తేసింది. సీట్లు ఒక ఉత్తర్వుతో పెరుగుతాయి. కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేసి, సాఫ్ట్‌వేర్ జీతాన్ని వదులుకుని పాఠం చెప్పడానికి వచ్చేవారు అలా పెరగరు. మరి ఆ పెరిగిన సెక్షన్లకు వెళ్తున్నదెవరు? ఇది తెలుసుకునే హక్కు ఫీజు కట్టేవారికి లేదా? రీయింబర్స్‌మెంటు రూపంలో ప్రజల డబ్బు కూడా అక్కడికే పోతోంది కదా.

నేను కోరుతున్నది పెద్ద పనేమీ కాదు. అనుబంధ గుర్తింపు కోసం కాలేజీలు అధ్యాపకుల వివరాలు యూనివర్సిటీకి ఏటా ఇస్తూనే ఉన్నాయి. అందులోంచి పేరు, చదువు, ఏ బ్రాంచిలో చదివారు, ఎప్పటి నుంచి అక్కడ పనిచేస్తున్నారు, గత సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చెప్పారు అన్నవి తీసి, వెబ్ ఆప్షన్ల పేజీలో ఆ బ్రాంచి పక్కన ఉంచండి. ఆ బ్రాంచిలో బ్యాక్‌లాగ్ లేకుండా నాలుగేళ్లలో ఎందరు బయటికి వచ్చారో అదీ పెట్టండి. ఆధార్, ఫోన్ నంబర్లు అక్కర్లేదు. కాలేజీలు తమ వెబ్‌సైట్లలో ఇవన్నీ వెల్లడించాలన్న నిబంధన ఉందని అధికారులు మీకు చెప్పవచ్చు. ఉంది. నేను చూసిన వాటిలో కొన్నిచోట్ల ఎప్పుడో మానేసినవారి ఫొటోలు ఇంకా నవ్వుతూ కనిపిస్తాయి.

పేర్లు బయటపెడితే మా వాళ్లను పక్క కాలేజీ లాక్కుపోతుందని యాజమాన్యాలు అభ్యంతరం చెబుతాయి. నెలనెలా జీతం ఇచ్చే చోటు నుంచి అధ్యాపకులు అంత తేలిగ్గా కదలరు. జీతాలు నెలల తరబడి ఆపే చోట నుంచి వెళ్లిపోతే, వెళ్లిపోయారని చేరబోయే విద్యార్థికి తెలియడమే మంచిది.

యాజమాన్య కోటా గురించీ ఒక మాట. సీటు ఇవ్వడానికి ఫీజుపై అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది 1983లో. యాజమాన్యాలే నింపుకునే ఈ కోటాలోని 30 శాతం సీట్లకు ఎవరు దరఖాస్తు చేశారు, ఏ మెరిట్‌తో ఎవరికి ఇచ్చారు అన్నది కూడా ప్రభుత్వ వెబ్‌సైటులోనే కనబడేలా చేస్తే, ఆ చట్టం అమలవుతోందో లేదో ఎవరికి వారే చూసుకుంటారు.

వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వెలువడేలోగా దీనిపై ఉన్నత విద్యామండలికి, సాంకేతిక విద్యాశాఖకు ఉత్తర్వులు ఇవ్వండి. అన్ని బ్రాంచిలకూ ఒకేసారి కుదరకపోతే, సీట్లు పెంచుకున్న బ్రాంచిలతో మొదలుపెట్టండి. చూపించిన అధ్యాపకులు సెమిస్టర్ మధ్యలో లేరని తేలితే, ఆ మేరకు మరుసటి ఏడాది సీట్లు తగ్గించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరింగ్ అధ్యాపకుడు