కాగితం చక్రానికి ఆకులు వేయడం

ఒరేయ్ మామా,

నువ్వు చేసిన కాగితం ఎడ్లబండి ఫొటో చూశాను. బండి బ్రహ్మాండంగా కుదిరింది కానీ చక్రాల మీద ఆకులు, అదే స్పోకులు, పెన్నుతో గీసి వదిలేశావేంట్రా? ఆదివారం హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళి గుర్రపు బగ్గీల ముందు చాలాసేపు నిలబడ్డాను. చక్రం ఆకుల సందుల్లోంచి వెనకున్నవి కనబడుతుంటే, అందమంతా ఆ ఖాళీల్లోనే ఉందనిపించింది.

కాబట్టి ఆకుల్ని ఒక్కొక్కటీ కోసి అతికించొద్దు, అట్టలో ఖాళీల్నే కోసెయ్. పన్నెండు ఆకులంటే 30 డిగ్రీలకొకటి, కోణమానినితో గీసుకో. అసలు కిటుకు సూదిలో ఉంది. ప్రతి ఖాళీకీ మూలల్లో సూదితో చిన్న చిల్లి పెట్టు, బ్లేడుని ఆ చిల్లిలోంచి మొదలుపెట్టి గీత మధ్య వరకే లాగు, తర్వాత అట్ట తిప్పి అవతలి మూల నుంచి కోసుకుంటూ రా. అప్పుడు బ్లేడు జారి ఆకులోకి దిగదు. బయటి గుండ్రం మాత్రం చిట్టచివర కోయాలి, లేకపోతే పట్టుకోవడానికి చోటుండదు. మొండి బ్లేడు కాగితాన్ని చింపుతుంది, చక్రానికో కొత్త బ్లేడు వాడినా పర్లేదు.

మందం కోసం రెండు మూడు పొరలు అతికించాలి. జూలైలో, అసలే ముసురు, నేను ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి రాశాను. తెల్లారేసరికి నాలుగు చక్రాలూ వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగాయి, రెండు రోజుల పని పోయింది. తడికి కాగితం ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది మరి. ఇప్పుడు నీళ్ళు కలపకుండా పల్చగా రాసి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెడుతున్నాను. ఆరాక కోసిన అంచులు తెల్లగా కనబడకుండా రంగు పెన్సిల్‌తో రుద్ది, ఆ తర్వాతే ఆకుల మీద ఫెవిక్విక్ చుక్కలు వెయ్యి. అది పీల్చుకున్న కాగితం గట్టిపడుతుంది కానీ ఇక రంగు పట్టదు.

రిక్షా చక్రానికి ఈ పద్ధతి పనికిరాదు, అంత సన్నటి స్పోకులు అట్టతో రావు. దానికి దారమే. కోఠీలో కొన్న పాలియెస్టర్ దారానికి కొవ్వొత్తి మైనం రుద్దితే నూగు అణిగిపోతుంది. అట్ట ముక్కకి గుండ్రంగా 24 గాట్లు పెట్టి, మధ్యలో చక్రం అంచు రింగుని పెట్టి, ఒక గాటు నుంచి ఎదుటి గాటుకి దారం బిగించి లాగు. పన్నెండు సార్లు దాటితే 24 స్పోకులు. అసలు సైకిల్‌లోలాగా స్పోకులు చక్రం నడిమి హబ్ పక్కనుంచి పోవాలంటే సరిగ్గా ఎదురుగా ఉన్న గాటుకి కాకుండా దాని పక్కదానికి లాగాలి, ఇది మాత్రం నాకింకా చేయి తిరగలేదు, రెండింటిలో ఒకటి వదులైపోతోంది.

ముందు ఒక్క చక్రం చేసి, వెలుతురుకి ఎదురుగా పెట్టి ఫొటో తీసి పంపు.

నీ మామ