గుండ్లకమ్మ గట్టున నేర్పాల్సిన చదువు

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాంతపు నీటి నాణ్యతపై పరిశోధన చేస్తున్న విద్యార్థులకు అందుతున్న శిక్షణ గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్న అధ్యాపకుణ్ణి.

ఈ మధ్య ఒక పరిశోధక విద్యార్థి గుండ్లకమ్మ ఏటి నీళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మూడు రోజుల కిందట కూల్‌డ్రింకు సీసాల్లో సగానికి పట్టిన నీళ్లవి. వాటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఎంతో తేల్చాలట. ఆ పరీక్షకు గాలి బుడగ మిగలకుండా సీసా నింపి, ఏటి గట్టునే ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలు కలిపి, గోధుమరంగు మడ్డి కిందికి దిగేదాకా చూడాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తప్పు ఆ కుర్రవాడిది కాదు, ఒక్కసారైనా ఏటికి తీసుకెళ్లి చేయించని చదువుది.

నల్లమలలో పుట్టి, కంభం చెరువు మీదుగా వచ్చి, అద్దంకి దాటి, మల్లవరం జలాశయంలో ఆగి సముద్రంలో కలిసే గుండ్లకమ్మలోకి అడవి నీరు, చేల ఎరువులు, ఊళ్ల మురుగు, చివరన రొయ్యల చెరువుల నీరు ఒక్కోచోట ఒక్కోటి చేరతాయి. మే నెలలో మడుగులో ముంచిన సీసా చెప్పే సంగతి, నవంబరు వాయుగుండం తర్వాతి వరద నీరు చెప్పదు. వరద ఎక్కుతున్నప్పుడు, తీస్తున్నప్పుడు కూడా నమూనాలు పట్టాలి, వాటితోపాటు ప్రవాహాన్నీ కొలవాలి. ప్రవాహం తెలియనిదే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల నైట్రేటు అన్న అంకె నుంచి ఏటిలో మొత్తం ఎంత కొట్టుకుపోయిందో లెక్క తేలదు.

ఫ్లోరైడు సంగతి మరీ బాధాకరం. ఆనాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని వైద్యులు శాస్త్రపత్రం ప్రకటించింది 1937లో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఫరవాలేదని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఇప్పటికీ మన విద్యార్థులు బోరుబావుల ఫ్లోరైడు అంకెలను పట్టికలో వేసి ఊరుకుంటున్నారు. అడుగున ఉన్న రాయి ఏది, బోరు లోతెంత, నీటిలో కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్నాయా అన్నవి చూడకపోతే ఆ పట్టికకు అర్థం లేదు. పక్కపక్క బోర్లలోనే తేడా ఎందుకు వస్తుందో భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం, వ్యవసాయం చదివే పిల్లలు ఒకే జీపులో కలిసి తిరిగితేనే తెలుస్తుంది.

ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం, నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కలిసి ఇలాంటి విద్యార్థుల జట్టుకు ఏడాదిపాటు గుండ్లకమ్మ పొడవునా శిక్షణ ఇవ్వాలని నా విన్నపం. జాతీయ జలవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కాకినాడలోనే ఉంది కనుక అక్కడి శాస్త్రవేత్తలను పిలిపించడం పెద్ద పని కాదు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో నీటి పరీక్షలు నేర్చుకున్న మహిళలనూ ఈ పనిలో కలుపుకోవాలి. ఏ బోరు నీటితో పప్పు ఉడకదో వాళ్లకు ముందే తెలుసు. జలాశయంలోకి వచ్చే, వదిలే నీటి లెక్కలను జలవనరుల శాఖ ఈ విద్యార్థులకు అడిగిన వెంటనే ఇవ్వాలి. ఈ ఏర్పాట్లన్నీ అక్టోబరు వానలకు ముందే పూర్తికావాలి, ఎందుకంటే మొదటి వరద తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు