నాలుగోసారి యూరియా వద్దంటున్న, ఎందుకో చదువు

అరేయ్ నరేశ్,

ఫోన్ల రెండు ముక్కలల్ల తెగే ముచ్చట కాదని ఉత్తరమే రాస్తున్న, సగం ఇప్పుడు చదువు, మిగతాది మోటర్ కాడ కూసున్నప్పుడు చదువు. నువ్ అడిగిందేంది, మూడుసార్లు యూరియా వేసినం, వరి చిరుపొట్ట (కాడ లోపల కంకి పుట్టే దశ) దాటింది, పక్కోళ్ల మడి నల్లగ నిగనిగలాడుతుంది, మనది జర లేతగనే కొడుతుంది, బాపు ఇంకో బస్తా చల్లుదామంటున్నడు, చల్లాల్నా వద్దా అని. వద్దుర. కానీ ఉత్త వద్దంటే బాపు వినడు, మనిద్దరికీ తెలుసు, అందుకే కథంతా చెప్తా, నువ్ మెల్లగ ఆయన చెవుల వెయ్యి.

ముందు లెక్క చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాల నత్రజని 46 శాతం, అంటే దగ్గరదగ్గర 21 కిలోలు. నువ్ ఎకరాకి రెండున్నర బస్తాలు కొట్టినవ్, అక్కడికే 52 కిలోలు. దుక్కిల వేసిన డీఏపీ ఎరువుని ఎవ్వరూ లెక్కపెట్టరు చూడు, దాంట్ల కూడా 18 శాతం నత్రజని ఉంటది, 50 కిలోల బస్తాకి 9 కిలోలు. మొత్తం 61 అయింది. వరికి మామూలుగ చెప్పేది హెక్టారుకి 120, అంటే ఎకరాకి 48. అంటే నువ్ ఆల్రెడీ దాటేసినవ్, ఇంకో బస్తా అంటే 80 దాటుతది, అంత తినే కడుపు ఆ వరికి లేదుర.

మరి పక్కోళ్లది నల్లగ ఉంది కదా అంటవ్. ఆకుకి పచ్చదనం ఇచ్చే పత్రహరితంల నత్రజని ఉంటది, యూరియా చల్లినంక నాలుగైదు రోజులల్లనే రంగు తిరుగుతది, కండ్లకు కనబడుతది, అందుకే అందరికీ దాని మీద అంత నమ్మకం. పొటాష్ వేస్తే ఏం కనబడదు, జింక్ వేస్తే జర కనబడుతది, యూరియా ఒక్కటే షో చేస్తది. కానీ రంగు ఆకుది, గింజ వేరే సంగతి. అవసరానికి మించి నత్రజని పోతే మొక్క ఆకులు, పిలకలు పెంచుకుంట కూసుంటది, లేటుగ వచ్చిన పిలకలకు కంకి సరిగ రాదు, తాలు ఎక్కువైతది, కోత కూడా వెనక్కి పోతది. కాడ మెత్తగ పొడుగ్గ సాగి, ఒక్క గాలివాన పడ్డదంటే చేను చేనంతా పండుకుంటది. యాసంగిల వడగండ్ల టైం వేరే దగ్గరికొచ్చింది, అది మర్చిపోకు.

ఇంకా అసలు బాధ దోమది. సుడిదోమకి నత్రజని ఎక్కువున్న వరి అంటే పండగే, ఆ మెత్తటి కాడల్ల రసంల అమైనో ఆమ్లాలు ఎక్కువుంటయ్, పైన ఆకు కమ్ముకోని అడుగున చల్లగ తేమగ ఉంటది, అక్కడ కూసోని పీల్చుకుంటనే ఉంటయ్. పాముపొడ తెగులు అంతే, అగ్గితెగులు అంతే, బీపీటీ 5204 లాంటి వరి రకానికైతే అగ్గితెగులు అసలే తొందరగ వస్తది. అంటే ఇప్పుడు 270 రూపాయలు పెట్టి బస్తా చల్లి, ఇరవై రోజులాగి దోమ మందుకి వేలు పెట్టాల్నన్నమాట. మందుల షాపు సేటుకి ఇది మంచి బేరమే, నీకే కాదు. పక్కోళ్ల నల్లటి మడిల దిగి దుబ్బు మొదళ్లు విడదీసి చూడు, దోమ ఉంటే నువ్వే బాపుని తీస్కపోయి చూపియ్యి, నేను రాసిన నాలుగు పేజీల కంటె అదే ఎక్కువ పనిచేస్తది.

ఇగ చల్లిందంతా మొక్కకే పోతుందనుకుంటవా, కాదు. వరిల వేసిన యూరియాల పంటకి దక్కేది మూడో వంతు, మహా అయితే నలభై శాతం. మిగతాది ఎటు పోతది? యూరియా నీళ్లల్ల కరిగి మట్టిలో ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్‌తోని అమ్మోనియం అయితది, నిలిచిన నీళ్ల మీద చల్లినవనుకో, ఎండకి ఆ నీళ్లల్ల పాచి పెరిగి మధ్యాహ్నం నీళ్ల పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) ఎక్కుతది, అప్పుడు ఆ అమ్మోనియం అమ్మోనియా గ్యాస్ అయి గాల్లకి లేస్తది. మీ రేగడిల సున్నం ఉంటది కాబట్టి అక్కడ ఈ నష్టం ఎక్కువ. మీ పెద్దబావి కాడి చెల్కలనైతే ఇంకో తీరు. అక్కడ మక్కకి వేస్తరు కదా, గాలి ఆడే నేల కాబట్టి సూక్ష్మజీవులు అమ్మోనియంని నైట్రేట్ చేస్తయ్, నైట్రేట్‌ని మట్టి పట్టుకోలేదు, ఒక్క పెద్ద వానకి వేర్ల కిందికి దిగిపోతది, ఆఖరికి బోరు నీళ్లల్ల తేలుతది. తాగే నీళ్లల్ల లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటొద్దని రూల్ ఉంది, పసిపిల్లలకి మంచిది కాదు. ఇగ పొలాన్ని ఎండబెట్టుకుంట తడుపుకుంట ఉంటే ఆ నైట్రేట్ కొంత నైట్రస్ ఆక్సైడ్ అయి పోతది, వేడి పట్టుకోవడంల అది కార్బన్ డయాక్సైడ్ కంటె దాదాపు 270 రెట్లు.

వేపనూనె పూసిన యూరియానే కదా ఇప్పుడంతా, 2015 నుంచి పూత లేకుండ అమ్మొద్దన్నరు, అది మట్టిల అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గ మారే స్పీడ్ తగ్గిస్తది, మంచిదే. కానీ పూత ఉంది కదా అని నీళ్ల మీద ఇష్టమొచ్చినట్టు చల్లితే అదేం ఆపుతది.

మట్టికి ఏమైతదని కూడా అడిగినవ్. ఇక్కడ జర ఆగి చెప్తా, ఎందుకంటే హైదరాబాద్‌ల దీని మీద మస్తు అబద్ధాలు తిరుగుతున్నయ్. యూరియా వేస్తే నేల చచ్చిపోతదని ప్రతి మిద్దెతోట గ్రూపుల ఒకరు చెప్తరు. అట్ల చావదుర. అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గ మారేటప్పుడు ఆమ్లం పుడుతది, అది నిజం. ఇంగ్లండ్‌ల రోథమ్‌స్టెడ్ అని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ 1856 నుంచి ఒక గడ్డి భూమి మీద ప్రయోగం నడుస్తనే ఉంది, ఏటేటా అమ్మోనియం సల్ఫేట్ వేసి సున్నం వెయ్యని మడులల్ల పీహెచ్ 4 కిందికి పడిపోయింది, అప్పటి రకరకాల గడ్డిల ఇప్పుడు రెండు మూడు రకాలే మిగిలినయ్. మీ రేగడిల సున్నం ఉంది కాబట్టి అది తట్టుకుంటది, ఎర్ర చెల్కకి ఆ బలం తక్కువ, అక్కడ చూసుకోవాలె. కానీ నన్నడిగితే మన దగ్గర పెద్ద నష్టం ఆమ్లం కాదు, ఒక్కటే వెయ్యడం. యూరియా తోని మొక్క ఎంత పెరిగితే అంత పొటాష్, జింక్, గంధకం నేలలకెళ్లి గుంజుకుంటది, అవి మనం తిరిగి పెట్టట్లేదు, గడ్డి అంటుపెడుతున్నం, పెంట ఎప్పుడో బంద్ చేసినం. అప్పుడు ఏ పోషకం తక్కువుందో దాని కాడనే దిగుబడి ఆగిపోతది, ఎంత యూరియా పోసినా కదలదు, కదలట్లేదని రైతు ఇంకింత పోస్తడు.

ఇందుల రైతుని ఒక్కణ్ణే తిడితే తప్పు. 2010 ఏప్రిల్ నుంచి ఫాస్ఫేట్, పొటాష్ ఎరువులకు పోషకాన్ని బట్టి సబ్సిడీ అన్నరు, వాటి రేట్లు పెరిగినయ్, యూరియాని మాత్రం దాంట్ల కలపలే, రేటు అట్లనే కట్టేసిండ్రు. 266 రూపాయల 50 పైసలకి యూరియా బస్తా, 1350కి డీఏపీ, పొటాష్ ఇంకా ఎక్కువ. చేతిల పైసలు తక్కువున్నోడు దేని దిక్కు చెయ్యి పెడతడు? అందుల 2025 వానకాలంల చూసినం కదా, సొసైటీల ముందల చెప్పులు, పాస్‌బుక్కులు లైన్ల పెట్టి నిలబడ్డరు. దొరకదేమో అన్న భయం ఒక్కసారి పడ్డదంటే, దొరికిననాడు అవసరం లేకున్నా రెండు బస్తాలు ఇంట్ల వేసుకుంటం, ఇంట్ల ఉన్నది పొలంలకి పోకుండ ఉంటదా.

ఇగ నా ఆఫీసుల ఒకాయన ఉన్నడు, ఐటీ జీతం, వీకెండ్ శంకర్‌పల్లి ఫామ్‌ల దేశీ ఆవు, రైతులు కెమికల్స్ అన్నీ బంద్ చెయ్యాలె సార్ అంటడు రోజూ క్యాంటీన్ల. నేను లెక్క అడిగిన. పశువుల పెంటల నత్రజని అర శాతం, ఎకరా వరికి 48 కిలోలు పెంటతోనే రావాల్నంటే పది టన్నులు కావాలె, అదీ మొదటి పంటకి అంతా అందదు. ఎన్ని గొడ్లున్నయ్ ఊర్ల ఇప్పుడు? గాల్లో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క నేరుగ తినలేదు, 1909ల హేబర్ అనే జర్మన్ సైంటిస్టు ల్యాబ్‌ల దాన్ని అమ్మోనియా చేసి చూపించిండు, 1913ల ఫ్యాక్టరీ మొదలైంది, ఇయ్యాల ప్రపంచంల దాదాపు సగం మంది తిండి దాని మీదనే నడుస్తుందని అంచనా. మీ పక్కనే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, పాతది 1999ల మూతబడ్డది, కొత్తది 2021ల మళ్ల మొదలైంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల కెపాసిటీ, అది చేసేదీ ఇదే పని, కాకపోతే గ్యాస్ వాడి. ఇంకోటి కూడా అడిగిన ఆయన్ని, హుస్సేన్‌సాగర్‌ల, చెరువులల్ల గుర్రపుడెక్క ఎందుకు పెరుగుతుంది సార్ అని. అది మన ఇండ్లల్లకెళ్లి పోయే మురికిల ఉన్న నత్రజని, ఫాస్ఫరస్ తిని పెరుగుతుంది. ఉప్పల్ దాటినంక మూసీ పొంట పశుగ్రాసం అంత ఏపుగ ఎట్ల వస్తుంది మరి? సిటీ కూడా నత్రజని పారబోస్తనే ఉంది, బస్తా కనబడదు గంతే. ఆయన ఆ రోజు నుంచి నాతోని క్రికెట్ ముచ్చట్లే పెడుతుండు.

నానో యూరియా అని ఆకు మీద కొట్టే నీళ్ల మందు సీసాల గురించి అడుగుతవేమో, 2021ల వచ్చిన మొదటి రకంల 4 శాతం నత్రజని, అర లీటర్ సీసాకి 20 గ్రాములు, బస్తాల దగ్గరదగ్గర 21 కిలోలు. బస్తాకి బదులు సీసా అంటే నేనైతే నమ్మను.

సరే ఇప్పుడు చెయ్యాల్సింది. ఆకు రంగు కార్డు ఒకటి రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీల దొరుకుతది, తీసుకోని పంపిస్త. పొద్దున ఎనిమిది, పది మధ్యల, నీ నీడ పడేటట్టు నిలబడి, పూర్తిగ విచ్చుకున్న పైఆకుని కార్డు మీద పెట్టి చూడు, పది దుబ్బులు చూడు, ఆరు, అంతకు మించి దుబ్బులు నాలుగో నంబర్ రంగు కంటె లేతగ ఉంటేనే నత్రజని తక్కువైనట్టు. ఈసారికి చిరుపొట్ట దాటింది కాబట్టి అదీ అక్కర్లేదు, వచ్చే పంటకి పనికొస్తది. చల్లే రోజు మడిల నీళ్లు తీసెయ్యి, బురద పదును మీద చల్లి, ఒకటిన్నర రెండు రోజులాగి నీళ్లు పెట్టు. కుదిరితే 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లు. డీఏపీతోని జింక్ సల్ఫేట్ కలపకు, రెండూ కలిసి కరగకుండ అయి ఎందుకూ పనికిరాకుండ పోతయ్. యాసంగి కోసినంక కాలువ బంద్ అయ్యేలోపు పచ్చిరొట్ట జీలుగ చల్లు, పూత కాడ కలియదున్నితే 20, 25 కిలోల నత్రజని నేలకి ఫ్రీగ వస్తది, వానకాలం ఒక బస్తా తగ్గించొచ్చు. దాని వేర్లకు బుడిపెలుంటయ్, ఒకటి గోటితోని చిదిమి చూడు, లోపల గులాబీ రంగుంటే అది పనిచేస్తున్నట్టు.

కోతలైనంక మట్టి తీసి పంపు, యూరియా చల్లినంక వెంటనే తియ్యకు, గట్ల కాడ, పెంటకుప్ప కాడ తియ్యకు. రేగడిది వేరే, చెల్కది వేరే సంచుల పెట్టు, పేర్లు రాయి. బాపుకి దండం చెప్పు, చెల్లెని అడిగిన అని చెప్పు. పక్కోళ్ల మడిల దోమ ఎంతుందో చూసి ఫోన్ చెయ్యి.

నీ
శ్రీను