వార్షిక నివేదిక: శాలువా అంచు మీద ఈ ఏడాది మన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన అల్లిక సంఘం సమావేశాలు చాలావరకు శాలువా చివరి వరస గురించే, అంటే కుట్లు ఊడిపోకుండా సూది మీంచి దించి మూసే వరస గురించే జరిగాయి. నెలల తరబడి అల్లిన లేసు శాలువాను ఆఖర్లో బిగించి మూసేస్తే, తడిపి పిన్నులతో సాగదీసేటప్పుడు నడిమి భాగం విచ్చుకుంటుంది, అంచు మాత్రం కదలదు. సభ్యులు తెచ్చిన సందేహాల్లో ఎక్కువ ఇవే.

ముందు సాగే ముగింపు నేర్చుకున్నాం. రెండు కుట్లను వెనక లూపుల్లోంచి కలిపి అల్లాలి. వచ్చిన కుట్టును ఎడమ సూదికి మళ్లించి, పక్క దానితో మళ్లీ కలపాలి. ఒక సైజు పెద్ద సూది వాడితే ఇంకా వదులుగా వస్తుంది. లేసు అల్లేవాళ్లకు ఇది రాకపోతే కుదరదు.

పికో అంచుకు ఎడమ సూది మీద కొత్తగా 2 కుట్లు వేసి, 4 మూయాలి. మిగిలిన కుట్టును వెనక్కి మళ్లించి మళ్లీ అదే చేస్తూ పోతే వరస పొడవునా చిన్న మొగ్గలు లేస్తాయి. చాలా ముచ్చటగా ఉంటుంది, కానీ ఊలు బాగా పడుతుంది. ఉండలో ఎంత మిగిలిందో చూసుకునే మొదలుపెట్టండి. ఐ-కార్డ్ అంచు కూడా ప్రయత్నించాం. గుండ్రటి తాడులా నిలిచే ఆ అంచు మందపాటి శాలువాలకే నప్పుతుంది, లేసుకు వద్దనే మా సలహా.

అందరికీ బాగా నచ్చింది క్రోషే ముగింపు. సూది మీది 3 కుట్లను క్రోషే సూదితో ఒక్కటిగా పట్టి, 6 నుంచి 8 చైన్లు (గొలుసు కుట్లు) వేసి, తరువాతి 3 పట్టుకోవాలి. నరసాపురం వైపు క్రోషే లేసు అల్లుతూ పెరిగిన మన సభ్యులే దీన్ని మిగతావారికి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. వారికి సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ అంచులో ప్రతి చైన్ లూపుకూ ఒక పిన్ను పెట్టి ఆరబెడితే వంపులు చక్కగా నిలుస్తాయి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల పద్ధతి నేర్చుకోవాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. అందులో శాలువా కుట్లను మూయరు. సన్నని లేసు పట్టీని అడ్డంగా అల్లుతూ, ప్రతి రెండో వరసలో శాలువా కుట్టు ఒకటి అందులో కలిపేస్తారు. ఎస్టోనియాలోని హాప్సలు శాలువాలకైతే అంచును విడిగా అల్లి కుడతారు. రెండూ ఓపిక కోరే పనులే, కాబట్టి చిన్న నమూనాలతో మొదలుపెడదాం. మొదటి సమావేశానికి మిగులు ఊలు తెచ్చుకోండి.

కార్యదర్శి