షూటింగ్‌లో మేనేజర్ అంటే టిఫిన్లు తెప్పించే మనిషి కాదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ చదువుల పేజీలో వీడియో రంగంలో ఉద్యోగాల గురించి వేసిన వ్యాసం చదివాను. కెమెరా, ఎడిటింగ్, వీఎఫ్‌ఎక్స్, సౌండ్, చివరికి డ్రోన్ ఎగరేసేవాళ్ల గురించి కూడా రాశారు. కానీ వీళ్లందర్నీ ఒక రోజు, ఒక చోట, ఉన్న డబ్బులోనే తెచ్చి నిలబెట్టేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో యాడ్ ఫిల్ములకీ, కంపెనీల వీడియోలకీ, ఈ మధ్య వెబ్ సిరీస్‌లకీ ప్రొడక్షన్ మేనేజర్‌గా చేస్తున్నాను కాబట్టి కాస్త మనసు చివుక్కుమంది. అందుకే ఈ ఉత్తరం.

మా పని ఎవరికీ తెలియకపోవడానికి మాటలు కూడా ఒక కారణం. కాల్‌షీట్ అంటే మనవాళ్లకి హీరో ఇచ్చిన డేట్లు. నేను షూటింగ్ ముందు రోజు రాత్రి అందరి వాట్సాప్‌లకీ పంపే కాగితం పేరు కూడా కాల్‌షీటే. మేకప్‌కి ఎవరు ఎన్నింటికి కూర్చోవాలి, జనరేటర్ బండి ఎక్కడ ఆగాలి, మొదట ఏ సీను, సూర్యోదయం ఎన్నింటికి, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంది, వాన పడితే లోపల కూర్చుని తీయగలిగేది ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. ఆ ఒక్క పేజీ కోసం అంతకు ముందు పది రోజులు స్క్రిప్టుని సీను సీనుగా విడగొట్టి చూసుకోవాలి. కథలో మొదటి సీనూ ఆఖరి సీనూ ఒకే ఇంట్లో జరిగితే రెండూ ఒకే పూట తీసేయాలి, ఎందుకంటే ఆ ఇంటికి అద్దె రోజు లెక్కన కడుతున్నాం.

ఇందులో తప్పు చేస్తే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మొదట్లో ఒక టూరిజం వీడియోకి పొద్దున గోల్కొండ కోట, మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధులు అని ప్లాన్ వేశాను. రెండూ పక్కపక్కనే, కోటని ఇప్పటి రూపంలో కట్టించింది కూడా ఆ కుతుబ్‌షాహీ రాజులే, ఒక పర్మిషన్ చాలనుకున్నాను. కోట కేంద్ర పురావస్తు శాఖది, సమాధులు రాష్ట్ర హెరిటేజ్ శాఖవి. గేటు దగ్గర కాగితం అడిగేసరికి నా దగ్గర ఉన్నది పక్క ఆఫీసుది. ఇరవై రెండు మంది, రెండు బండ్లు, అద్దె కెమెరా ఎండలో నిలబడిపోయాయి, ఆ పూట ఒక్క షాటూ తీయలేదు. నిర్మాత నన్ను ఒక్క మాట అనలేదు, సాయంత్రం బిల్లులన్నీ తెచ్చి నా చేతిలో పెట్టాడు, అంతే. డ్రోన్‌తో కూడా ఇదే గొడవ. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల లోపల ఆంక్షలు ఉంటాయి, బేగంపేట విమానాశ్రయం ఊరి మధ్యలో ఉంది కదా, మరి ఊళ్లో డ్రోన్ షాట్ కావాలని క్లయింట్ అడిగినప్పుడు మ్యాప్ ముందేసుకుని కూర్చునేది ఎవరు?

పెద్ద ప్రొడక్షన్లలో ఈ పనులు పంచుకుంటారు. డబ్బు లైన్ ప్రొడ్యూసర్ చూసుకుంటాడు, సెట్లో గడియారం ఫస్ట్ అసిస్టెంట్ డైరెక్టర్ చేతిలో ఉంటుంది, మనుషులు, బండ్లు, భోజనాలు, బత్తాలు (రోజువారీ ఖర్చుల డబ్బు) మేనేజర్‌వి, షూటింగ్ అయ్యాక ఎడిటింగ్, డబ్బింగ్, కలర్ పనుల్ని పోస్ట్ ప్రొడక్షన్ సూపర్‌వైజర్ నడిపిస్తాడు. చిన్న యూనిట్‌లో ఈ నలుగురూ నేనే. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే మంచి నాణ్యత వీడియో ఫార్మాట్‌లో 4కె ఒక గంట తీస్తే 300 జీబీ దాటుతుంది. రాత్రి ప్యాకప్ అయ్యాక కెమెరా మెమరీ కార్డుల్లో ఉన్నదంతా రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, రెండూ ఒకే బ్యాగులో పెట్టకుండా చూసే దాకా నాకు నిద్ర పట్టదు. ఇక క్లయింటు 'చిన్న కరెక్షన్' అనే మాట గురించి రాయాలంటే మీ పేపర్ చాలదు. ఎన్నిసార్లు మార్పులు చేస్తామో మొదటి రోజే కాగితం మీద పెట్టాలని మాత్రం చెప్తాను, అది నేర్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతనాలు పెంచమని షూటింగులు ఆపినప్పుడు పేపర్లన్నీ నిర్మాతల మాట రాశాయి, కార్మికుల మాట రాశాయి. రెండు వారాలు దాటిన ఆ బంద్ తర్వాత చెదిరిపోయిన డేట్లనీ, సెట్ల అద్దెలనీ, బుక్ చేసిన హోటల్ గదుల్నీ మళ్లీ ఒక దారికి తెచ్చినవాళ్ల గురించి ఎవరూ అడగలేదు. సినిమాల్లో చేసే ప్రొడక్షన్ వాళ్లకి యూనియన్ కార్డయినా ఉంది. యాడ్స్‌లో, యూట్యూబ్‌లో తిరిగే మాలాంటివాళ్లకి అదీ లేదు.

పైగా ఖర్చుల కొటేషన్ పంపగానే క్లయింటు మొదట కొట్టేసేది మేనేజర్ జీతం ఉన్న లైనే. ఆ మధ్య ఒక కంపెనీ ఆవిడ "మేనేజర్ ఎందుకండీ, మా ఆఫీస్ బాయ్ చూసుకుంటాడు" అన్నారు. సరే అని డైరెక్టర్ ఒప్పుకున్నాడు. షూటింగ్ రోజు మధ్యాహ్నం ఆ డైరెక్టరే మానిటర్ ముందు కూర్చుని, ఒక చెవిలో నటి డైలాగు, ఇంకో చెవిలో క్యాటరింగ్ వాడి ఫోను. సాయంత్రానికి వెలుతురు పోయింది, రెండో రోజు కెమెరా అద్దె మళ్లీ కట్టారు. మిగిల్చింది నా ఒక్క రోజు జీతం.

ఈసారి ఆ పేజీ వేసేటప్పుడు మా గురించి కూడా నాలుగు లైన్లు రాయండి. కెమెరా పట్టడం రాని బీకామ్ పిల్లలు ఈ పనిలో బాగా రాణించడం నేను చూశాను. ఎక్సెల్ రావాలి, రాత్రి పదకొండుకి ఫోన్ చేసినా విసుక్కోకూడదు, లేని డబ్బు ఉందని డైరెక్టర్‌కి చెప్పకూడదు. నా దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయి ఇంతకు ముందు పెళ్లి మండపంలో లెక్కలు రాసేది.

ఇంకా రాయాలనే ఉంది కానీ రేపు అయిదున్నరకి శంషాబాద్ దగ్గర షూట్, మబ్బు పట్టింది, టార్పాలిన్ల వాడు ఇంకా ఫోన్ ఎత్తలేదు.

ఇట్లు,
ఒక ప్రొడక్షన్ మేనేజర్,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్